కొంచెమే చాలునని నేర్చుకొనిన వైద్యము



పండుగ దినమున ఇంటిలో మాంసము వండినప్పుడు మూలుగ ఎముక నాకు నాకని పిల్లలు పోరాడుట మనమందరము చూచినదే. పళ్లెము అంచున ఆ ఎముకను తట్టి, లోపలనుండి జారిపడు మెత్తని పదార్థమును తినుటకు వారికెంతో ఇష్టము. పశువులకువలెనే మన ఎముకలలోను ఈ మూలుగ ఉన్నది. అది ఎముక గుల్లను నింపుటకు పెట్టిన వట్టి క్రొవ్వు కాదు. మన నెత్తురు కణములు పుట్టుచోటు అదియే. ఊపిరిలోని ప్రాణవాయువును మోయు ఎఱ్ఱ కణములు, రోగక్రిములతో పోరాడు తెల్ల కణములు, గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టునట్లు చేయు చిన్న కణములు, ఈ మూడు విధములైనవియు మూలుగలోని కొద్దిపాటి మూలకణములనుండి రాత్రింబగళ్లు పుట్టుచుండును. ఎఱ్ఱ కణము యొక్క ఆయుష్షు సుమారు 120 దినములు మాత్రమే. గనుక మూలుగ తన పని మానినయెడల మనుష్యుడు ఎక్కువకాలము బ్రదుకలేడు.

కొందరు బిడ్డలకు పుట్టుకతోనే ఈ నెత్తురు తయారగుటలో లోపముండును. తలసీమియా అను వ్యాధిలో ఎఱ్ఱ కణములు సరిగా తయారు కావు. ఆ వ్యాధి తీవ్రముగా నున్న బిడ్డకు కొన్ని వారములకొకసారి ఇతరుల నెత్తురు ఎక్కించుచుండవలెను. కొడవలి కణ వ్యాధిలో ఎఱ్ఱ కణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో అడ్డుపడి, భరింపరాని నొప్పులు కలుగజేయును. మన మన్యపు సీమలలో ఈ వ్యాధిగల కుటుంబములు కలవు. వీటికంటె మరి అరుదైనది ఫాంకోని రక్తహీనత అనునది. దానిలో మూలుగయే సంవత్సరములు గడచుకొలది ఎండిపోవును. ఇట్టి బిడ్డలకు మరియొకరి మూలుగను ఇచ్చి బ్రదికించు చికిత్స ఒకటి కలదు. అది మొదట మిక్కిలి కఠినమైన చికిత్స. క్రమక్రమముగా అది మృదువగుచు వచ్చినది. అది ఎట్లు మృదువాయెనో, అందుకు ఎవరు ఏమి నేర్చుకొనవలసి వచ్చెనో ఈ వ్యాసములో చెప్పదలచితిమి.

చరిత్రకు ముందు చికిత్స యొక్క తీరు తెలియవలెను. ఇది రైతు సోదరులకు సులభముగా బోధపడును. నారుమడిలోని మొక్కలను తీసి వేరొక మడిలో నాటవలెనన్న, ముందుగా ఆ మడిని దున్ని, దమ్ముచేసి, కలుపు తీయవలెను గదా. మూలుగ మార్పిడియు అట్టిదే. మూలుగ నిచ్చువారికి మత్తుమందిచ్చి, నడుము వెనుకనున్న తుంటి ఎముకనుండి సూదితో మూలుగను తీయుదురు. వారికి కొన్ని దినములు నొప్పి యుండును గాని, తీసిన మూలుగ కొన్ని వారములలో మరల పెరుగును. పుచ్చుకొను బిడ్డకు కోతయు లేదు, కుట్టును లేదు. నెత్తురు ఎక్కించినట్లే ఆ మూలుగను నరములో ఎక్కింతురు. అందులోని మూలకణములు ప్రవాహములో తిరిగి, ఎవరును దారి చూపకయే ఎముకలలోనికి చేరి కుదురుకొనును. రెండు మూడు వారములకు క్రొత్త కణములు నెత్తురులో కనబడనారంభించును.

కష్టమంతయు నాటుటలో లేదు, దమ్ము చేయుటలోనే యున్నది. బిడ్డ యొక్క ఎముకలలో పాత మూలకణములు చోటంతయు ఆక్రమించుకొని యుండును. వాటిని తీసివేయనిదే క్రొత్తవాటికి చోటు లేదు. అంతేకాక, బిడ్డ దేహములోని కావలి కణములు పరాయి మూలుగను శత్రువని యెంచి చంపివేయును. గనుక ఆ కావలిని అణచవలెను. ఈ రెండు పనుల నిమిత్తము వైద్యులు తీవ్రమైన మందులను, కొన్నిసార్లు కిరణములను ప్రయోగింతురు. ఆ మందులకు చెడ్డ కణమేదో మంచి కణమేదో తెలియదు. నోరంతయు పుండ్లగును. కాలేయము, ఊపిరితిత్తులు దెబ్బతినును. కావలి లేని దేహములో చిన్న జ్వరమైనను ప్రాణము తీయును. బ్రదికిన బిడ్డ పెద్దవాడైన తరువాత సంతానము లేకపోవచ్చును. ఇదిగాక క్రొత్త మూలుగలో పుట్టిన కావలి కణములు తామున్న దేహమునే పరాయిదని యెంచి దానిపైబడు అపాయమును కలదు.

తల్లిదండ్రుల యెదుటనున్న ప్రశ్న ఎంత బరువైనదో ఆలోచించుడి. బిడ్డ నేడు నడచుచున్నాడు, ఆడుకొనుచున్నాడు. చికిత్స చేయించినయెడల వ్యాధి పోవచ్చును, లేక చికిత్సయే బిడ్డను తీసికొనిపోవచ్చును. చేయించనియెడల వ్యాధి మెల్లమెల్లగా తన పని చేయును. ప్రాణాంతకమైన పుట్టకురుపుతో నున్నవానికి తెగించి కఠినమైన మందిచ్చుట ఒకటి. పుట్టుకతో వచ్చిన లోపముగల పసిబిడ్డకు అదే మందు అంతే కొలతతో ఇచ్చుట మరియొకటి. ఈ భేదమును గ్రహించుటకే వైద్యలోకమునకు అనేక సంవత్సరములు పట్టినది.

1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడిన తరువాత, కిరణముల వలన మూలుగ నశించుననియు, దానివలన మనుష్యులు చనిపోవుదురనియు లోకమునకు స్పష్టముగా తెలిసెను. 1949లో అమెరికా దేశపు షికాగోలో లియోన్ జేకబ్సన్ అను వైద్యుడు ఎలుకల ప్లీహమును సీసముతో కప్పి వాటిపై చావు కలిగించునంత కిరణములను ప్రసరింపజేయగా అవి బ్రదికెను. ఎలుకలలో ప్లీహమునందును నెత్తురు పుట్టును. 1951లో ఎగాన్ లోరెంజ్ మరియు ఆయన సహచరులు, మూలుగను ఎక్కించినను జంతువులు అట్లే బ్రదుకునని చూపిరి. ఈ విధముగా నాశనము చేయు ఆయుధమును గూర్చిన భయమునుండి బ్రదికించు వైద్యము యొక్క విత్తనము మొలిచెను.

1957లో అమెరికాలోని కూపర్స్‌టౌన్ అను చిన్న ఊరిలో డానల్ థామస్ అను వైద్యుడు ఆరుగురు రోగులకు ఇతరుల మూలుగను ఎక్కించిన సంగతి ప్రకటించెను. వారిలో ఒక్కరును 100 దినములకు మించి జీవింపలేదు. మరుసటి సంవత్సరము అక్టోబరులో యుగోస్లావియా దేశపు వించా అను చోట అణుయంత్రశాలలో ప్రమాదము జరిగి ఆరుగురు కిరణముల పాలైరి. వారిని పారిసుకు తీసికొనిపోగా, జోర్జ్ మాతే అను వైద్యుడు వారిలో ఐదుగురికి మూలుగ ఎక్కించెను. తమకు బంధువులు కాని, తమ దేశస్థులైనను కాని ఆ మనుష్యుల కొరకు ఫ్రెంచి ప్రజలు కొందరు తమ మూలుగ నిచ్చిరి. ఐదుగురిలో నలుగురు బ్రదికిరి. అదే 1958లో పారిసులోనే జాన్ దోసే అను శాస్త్రజ్ఞుడు, ఒకరి కణములను మరియొకరి కణములనుండి వేరుగా గుర్తించు ముద్రలు తెల్ల కణములపై కలవని కనుగొనెను. ఈ ముద్రలు కలిసిననే మూలుగ నిలుచును. ఒకే తల్లిదండ్రుల బిడ్డలలో ఇవి పూర్తిగా కలియుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు.

అయినను ఆ దినములలో ఇట్లు మూలుగ పుచ్చుకొనినవారిలో మిక్కిలి ఎక్కువమంది చనిపోయిరి. అనేకులు ఈ పని వ్యర్థమని విడిచిపెట్టిరి. థామస్ విడువలేదు. ఆయన కుక్కలపై సంవత్సరముల తరబడి పరీక్షలు చేయుచు, ముద్రలు సరిచూచు విధమును నేర్చుకొనుచుండెను. ఆయన భార్య డాటీ ఆయనతోకూడ పనిచేయుచు వచ్చెను. 1990లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఈ చరిత్రలో మనము గమనింపవలసిన సంగతి ఒకటున్నది. పుట్టుకతో వచ్చిన వ్యాధి ఈ చికిత్సవలన నయమైన మొదటి సందర్భములలో ఒకదానిలో, దమ్ము చేయుట అనునదే లేదు. 1968లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున రాబర్ట్ గుడ్ అను వైద్యుడు ఐదు నెలల మగబిడ్డకు వాని అక్క మూలుగ నిచ్చెను. ఆ బిడ్డ దేహములో కావలి కణములు పుట్టుకతోనే లేవు. ఆ కుటుంబములో అంతకుముందు అనేకులు మగబిడ్డలు ఇట్లే చనిపోయి యుండిరి. ఎదిరించు కావలి లేదు గనుక కఠినమైన మందులతో పనిలేకపోయెను. మొదట ఇచ్చిన మూలుగవలన చిక్కులు కలుగగా రెండవసారి మరల ఆ అక్కయే ఇచ్చినది. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడాయెను. మొదటి విజయమే మృదువైనదిగా నుండెను. గాని దాని భావము అప్పుడు పూర్తిగా గ్రహింపబడలేదు. ఏలయనగా తక్కిన వ్యాధులలో దేహపు కావలి బలముగానే యుండును, బలమును బలముతోనే అణచవలెనని అందరును తలంచిరి.

ఈ తలంపును మార్చినది ఫాంకోని రక్తహీనత. 1927లో స్విట్జర్లాండు దేశపు జ్యూరిక్ నగరములో గీడో ఫాంకోని అను పిల్లల వైద్యుడు ఒకే ఇంటి ముగ్గురు అన్నదమ్ములలో ఈ వ్యాధిని చూచి వర్ణించెను. ఇట్టి బిడ్డలు తరచుగా పొట్టిగా నుందురు. కొందరికి బొటనవ్రేలు సరిగా ఉండదు, చర్మముపై గోధుమరంగు మచ్చలుండును. మూలుగ క్రమముగా ఎండిపోయి నెత్తురు తగ్గిపోవును. కారణమేమనగా, ప్రతి కణములోను వంశపు లక్షణములను వ్రాసియుంచిన సన్నని దారము ఒకటి కలదు. ఆ దారమునకు దెబ్బ తగిలినప్పుడు సరిచేసికొను శక్తి మన కణములకు కలదు. ఫాంకోని బిడ్డల కణములలో ఈ బాగుచేసికొను పనిముట్టు చెడిపోయి యుండును. చిరిగిన బట్టను కుట్టుటకు సూది లేని ఇల్లువంటిది వారి దేహము.

అట్టి బిడ్డలకు మూలుగ మార్పిడి నిమిత్తము ఆ దినములలో వాడుకలో నున్న కొలతతో మందులిచ్చినప్పుడు ఏమి జరిగెనో మీరే ఊహింపవచ్చును. సైక్లోఫాస్ఫమైడ్ అను మందును దేహపు బరువు కిలో ఒక్కింటికి 200 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చుచుండిరి. ఆ మందు కణములలోని దారమును దెబ్బతీయుట ద్వారానే పనిచేయును. ఇతర బిడ్డలు తట్టుకొనిన ఆ కొలతను ఫాంకోని బిడ్డలు తట్టుకొనలేకపోయిరి. నోటినుండి ప్రేగులవరకు పుండ్లుపడెను, నెత్తురు కారెను, గుండె దెబ్బతినెను. వ్యాధి కాదు, చికిత్సయే వారిని చంపుచుండెను.

పారిసులోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లుక్‌మన్ అను వైద్యురాలు ఈ మరణములను చూచి ఊరకుండలేదు. 1980లో ఆమె తన రోగుల సంగతిని దాచక ప్రకటించెను. ఆమెయు ఆమె సహచరులును ఆ బిడ్డల కణములపై మందును పరీక్షించిరి. కిరణములకు వారి చర్మము ఎంత త్వరగా కమలునో చూచిరి. వారి కణములు ఇతరుల కణములకంటె ఎన్నోరెట్లు సున్నితమైనవని తేలెను. అప్పుడు ఆమె మందును సగము చేయలేదు, సగములో సగమును చేయలేదు. పదియవ వంతుకు, అనగా 20 మిల్లీగ్రాములకు తగ్గించెను. దానితోకూడ కొద్దిపాటి కిరణములను వాడెను. 1983లో ఈ పద్ధతి ప్రకటింపబడినది. మూలుగ నిలిచెను, బిడ్డలు బ్రదుకనారంభించిరి.

చదువరులారా, ఇందులో ఎంత ధైర్యమున్నదో కనిపెట్టితిరా? వైద్యుడు ఎక్కువ మందిచ్చి రోగి చనిపోయినయెడల, చేయగలిగినదంతయు చేసితిమని చెప్పుకొనవచ్చును. తక్కువ ఇచ్చి మూలుగ నిలువక రోగి చనిపోయినయెడల ఆ నింద ఆ వైద్యునిదే. తక్కువ ఇచ్చుటకు ఎక్కువ ఇచ్చుటకంటె గొప్ప ధైర్యము కావలెను. అయితే అది గ్రుడ్డి ధైర్యము కాదు. కొలిచి, పరీక్షించి, బిడ్డ యొక్క బలహీనతను తెలిసికొని పుట్టిన ధైర్యము.

1988 అక్టోబరులో ఆమె మరియొక సంగతి చేసెను. అమెరికాలోని ఉత్తర కరోలినానుండి ఫాంకోని వ్యాధిగల ఐదేండ్ల బాలుడు పారిసు వచ్చెను. వానికి చెల్లెలు పుట్టినప్పుడు, మామూలుగా పారవేయు బొడ్డుత్రాటిలోని నెత్తురును హాల్ బ్రాక్స్‌మేయర్ అను శాస్త్రజ్ఞుని సహాయముతో చల్లబరచి భద్రపరచి యుండిరి. చెల్లెలు పుట్టకముందే, ఆమెకు ఈ వ్యాధి లేదనియు ఆమె ముద్రలు అన్న ముద్రలతో కలియుననియు పరీక్షలవలన తెలిసినది. ఆ నెత్తురులోను మూలకణములు కలవు. దానిని ఎక్కింపగా అది అన్న ఎముకలలో కుదురుకొనెను. బొడ్డుత్రాటి నెత్తురుతో చేసిన మొదటి మార్పిడి అదియే. ఇరువదియైదు ఏండ్లు గడచిన తరువాతను ఆ బాలుడు పెరిగి పెద్దవాడై ఆరోగ్యముగా నుండెను.

తగ్గించుట అక్కడితో ఆగలేదు. ఫాంకోని వ్యాధిగలవారికి పెద్దవయస్సులో నోటిలోను గొంతులోను పుట్టకురుపులు కలుగు అపాయము మిక్కుటము. చిన్ననాడు పడిన కిరణములు ఆ అపాయమును పెంచునేమోయని వైద్యులు భయపడిరి. బ్రెజిల్ దేశపు కురిచీబా నగరములో రికార్డో పాస్కీనీ మరియు ఆయన తోడి వైద్యులు కిరణములను పూర్తిగా మాని, సైక్లోఫాస్ఫమైడ్ ఒక్కటే ఇచ్చుచు, దాని కొలతను 200 నుండి మెట్టుమెట్టుగా దింపుచు చివరకు 60 మిల్లీగ్రాములకు తెచ్చిరి. తోబుట్టువుల మూలుగ దొరికినవారికి అది చాలెను. ఒక్కొక్క మెట్టునను ఆగి, బిడ్డలు ఎట్లున్నారో చూచి, పిమ్మట మరియొక మెట్టు దిగిరి.

అయితే తగ్గించుట అన్ని వ్యాధులలోను ఇంత సులభము కాలేదు. ఈ సంగతియు చెప్పవలెను. 1981లో సియాటిల్ నగరమున థామస్ బృందమువారును, ఇటలీ దేశపు పెసారో పట్టణమున గీడో లూకరెల్లి అను వైద్యుడును తలసీమియా బిడ్డలకు మూలుగ మార్పిడి మొదలుపెట్టిరి. పలుమార్లు నెత్తురెక్కించిన బిడ్డల దేహములో ఇనుము పేరుకొని కాలేయము చెడిపోవును. అట్టివారికి పూర్తి కొలత మందు ప్రాణాంతకమగుచుండెను. లూకరెల్లి కాలేయము యొక్క స్థితినిబట్టి బిడ్డలను మూడు తరగతులుగా విభజించి, మూడవ తరగతివారికి మందు తగ్గించెను. మందువలని మరణములు తగ్గినవి గాని, క్రొత్త మూలుగను దేహము త్రోసివేయుట ఎక్కువాయెను. దమ్ము చాలని మడిలో నాటు నిలువనట్లే ఇదియు జరిగెను. గనుక తగ్గించుట ఒక్కటే జ్ఞానము కాదు. ఏది తగ్గింపవలెనో, ఏది తగ్గింపరాదో తెలియవలెను.

పెసారోలోనే మరియొక వింత బయలుపడినది. కొందరు బిడ్డల ఎముకలలో పాత మూలుగయు క్రొత్త మూలుగయు కలిసి సంవత్సరముల తరబడి కాపురము చేయుచుండెను. కొందరిలో క్రొత్తది నూటికి 20 లేక 30 వంతులే యున్నను వారికి నెత్తురెక్కింపవలసిన అవసరము లేకపోయెను. ఏలయనగా మంచి ఎఱ్ఱ కణములు దీర్ఘకాలము బ్రదుకును, చెడ్డవి త్వరగా నశించును. గనుక నెత్తురులో మంచివే ఎక్కువగా మిగులును. ఇది గొప్ప సంగతి. పాత మూలుగను వేళ్లతోసహా పెరికివేయనక్కరలేదని, దానిలో ఒక పాలు మంచిది నిలిచిన చాలునని దీనివలన తెలిసెను.

ఈ జ్ఞానమును ఆధారము చేసికొని అనేకచోట్ల మృదువైన పద్ధతులు పుట్టినవి. 1998లో యెరూషలేములోని హదాస్సా ఆసుపత్రిలో షిమోన్ స్లావిన్ అను వైద్యుడు, మూలుగను నాశనము చేయుటకంటె కావలిని అణచుటపైనే దృష్టి నుంచు పద్ధతిని ప్రకటించెను. సియాటిల్‌లో రైనర్ స్టార్బ్ అను వైద్యుని బృందము, కుక్కలలో పరీక్షించి, మిక్కిలి తక్కువ కిరణములతోనే మూలుగ నిలుచునని చూపిరి. 2009లో అమెరికా ప్రభుత్వపు జాతీయ ఆరోగ్య సంస్థలలో జాన్ టిస్‌డేల్ మరియు ఆయన తోడివారు, కొడవలి కణ వ్యాధిగల పదిమంది పెద్దవారికి కొద్దిపాటి కిరణములతో తోబుట్టువుల కణములనిచ్చి, తొమ్మండుగురిలో అవి నిలిచెనని తెలిపిరి. పూర్తి కొలత చికిత్సను వారి నలిగిన దేహములు తట్టుకొనునా అని అంతకుముందు వైద్యులు జంకుచుండిరి.

మన వేలూరును మరువరాదు. 1900లో డాక్టరు ఐడా స్కడ్డర్ ఒకే మంచముతో మొదలుపెట్టిన ఆ క్రైస్తవ వైద్యశాలకు మన తెలుగు జిల్లాలనుండి రోగులు రైలెక్కి పోవుట తరతరములుగా జరుగుచున్నది. అక్కడ 1986లో డాక్టరు మమ్మెన్ చాండీ నాయకత్వమున మూలుగ మార్పిడి మొదలాయెను. అక్కడికి వచ్చు తలసీమియా బిడ్డలలో అనేకులు ఆలస్యముగా వచ్చువారు. ఇనుమును తీసివేయు మందులు క్రమముగా దొరకక కాలేయము పెరిగినవారు. ఏడేండ్లు నిండి, కాలేయము ప్రక్కటెముకల క్రింద ఐదు సెంటీమీటర్లు గాని అంతకంటె ఎక్కువ గాని పెరిగిన బిడ్డలకే అందరికంటె ఎక్కువ అపాయమని వేలూరు వైద్యులు కనిపెట్టిరి. కాలేయమును బాధించు బుసల్ఫాన్ అను మందునకు బదులు ట్రియోసల్ఫాన్ అను మరింత మృదువైన మందును కూర్చిన పద్ధతితో అట్టి బిడ్డలలోను మరణములు తగ్గినవని 2013లో ప్రకటించిరి. ధనిక దేశపు పుస్తకములలో వ్రాసిన కొలతను కన్నులు మూసికొని వాడక, తమ వాకిట నిలిచిన బిడ్డను చూచి వారు కొలతను మార్చుకొనిరి.

ఇక చివరి మాట కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునుండి వచ్చినది. మడిలోని కలుపును తీయుటకు మడినంతయు కాల్చవలెనా, కలుపు మొక్కను మాత్రమే పట్టి పెరుకరాదా అని అక్కడి శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. మూలుగలోని మూలకణములపై ఒక ప్రత్యేకమైన గుర్తు కలదు. ఆ గుర్తును మాత్రమే పట్టుకొను ప్రతిరక్షకమును, అనగా దేహము రోగక్రిములపై తయారుచేసికొను కణికవంటిదానిని, ఇచ్చినయెడల పాత మూలకణములు తొలగి చోటు ఖాళీయగునని 2007లో ఎలుకలలో చూపిరి. దాదాపు ఇరువది ఏండ్ల కష్టము తరువాత, 2025లో, ఫాంకోని వ్యాధిగల ముగ్గురు బిడ్డలకు ఈ విధముగా చికిత్స చేసిన సంగతి ప్రకటింపబడెను. కిరణములు లేవు, బుసల్ఫాన్ లేదు. కావలిని అణచు కొన్ని మందులు మాత్రము ఇచ్చిరి. ముద్రలు సగము మాత్రమే కలిసిన దాతల కణములను, బిడ్డపై తిరుగబడునట్టి కణములను ఏరివేసి ఎక్కించిరి. రెండేండ్ల తరువాత చూడగా ముగ్గురిలోను నెత్తురు దాదాపు పూర్తిగా క్రొత్త మూలుగదే. ఈ విధము స్థిరపడినయెడల, తగిన తోబుట్టువు లేని బిడ్డకు తల్లియే గాని తండ్రియే గాని మూలుగ నిచ్చుట మరింత సులభమగును.

ముగ్గురు మిక్కిలి తక్కువమంది. రెండేండ్లు కొద్ది కాలము. మూలుగ మారినను ఫాంకోని బిడ్డల తక్కిన దేహములోని కణములు మారవు గనుక, నోటిని గొంతును జీవితాంతము పరీక్షించుకొనుచుండవలెను. మృదువైన చికిత్సలోను మూలుగ నిలువకపోవచ్చును, జ్వరములు రావచ్చును. ఎవరైనను ఇది అపాయము లేని పని అని చెప్పినయెడల నమ్మవద్దు. అయితే 1957లో 100 దినములు దాటని ఆ ఆరుగురినుండి ఈ ముగ్గురివరకు వచ్చిన దారి చూచినయెడల, దేవునికి కృతజ్ఞులమై యుండుటకు కారణము లేకపోలేదు.

మన గ్రామములకు ఇందులో పాఠము ఏమి? మొదటిది, ఇట్టి బిడ్డ పుట్టిన ఇంటిలో తల్లిని నిందించుట మానవలెను. కోడలు అడుగుపెట్టిన వేళయనియు, ఎవరి పాపమో యనియు గుసగుసలాడుట మన ఊళ్లలో ఇంకను పోలేదు. ఈ వ్యాధులు ప్రాయికముగా తల్లినుండి ఒక పాలు, తండ్రినుండి ఒక పాలు వచ్చి కలిసినప్పుడే కలుగును. ఇద్దరును పైకి ఆరోగ్యవంతులే. అట్టివారికి పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట ఒక వంతు వ్యాధి కలుగు అవకాశము కలదు. తోబుట్టువు మూలుగ పూర్తిగా కలియుటకును నాలుగింట ఒక వంతే అని పైన చెప్పితిమి గదా. వ్యాధి తెచ్చిన వంశపు దారినే ఔషధమును వచ్చుచున్నది. అటువంటిదానిలో ఎవరిని నిందింతుము?

రెండవది, మేనరికములను గూర్చి జాగ్రత్తగా ఆలోచింపవలెను. మేనమామకు, మేనబావకు పిల్లనిచ్చుట మనలో చిరకాలపు ఆచారము. ఒకే వంశములో దాగియున్న లోపము రెండు వైపులనుండియు కలియు అవకాశము అట్టి వివాహములలో ఎక్కువ. తలసీమియా, కొడవలి కణ వ్యాధుల పాలు మనలో ఉన్నదో లేదో కొద్దిపాటి నెత్తురు పరీక్షించిన తెలియును. పెండ్లి ప్రకటన సంఘములో చదువుటకు ముందే ఈ పరీక్ష చేయించుకొనుట సిగ్గు కాదు, తెలివి. 2023లో భారత ప్రభుత్వము కొడవలి కణ వ్యాధిని నిర్మూలించు నిమిత్తము ఒక ఉద్యమమును ప్రారంభించి మన్యపు ప్రజలలో పరీక్షలు చేయుట మొదలుపెట్టెను.

మూడవది, బిడ్డ పాలిపోయి, మాటిమాటికి నీరసపడి, వయస్సుకు తగినట్లు ఎదుగకున్నయెడల తాయెత్తులు కట్టుచు ఏండ్లు గడుపరాదు. కాలేయము చెడకముందు, పలుమార్లు నెత్తురెక్కించకముందు వచ్చిన బిడ్డకే మృదువైన చికిత్స బాగుగా పనిచేయును. వైద్యులు మందును మృదువు చేయగలరు గాని, మనము పోగొట్టిన కాలమును తిరిగి తేలేరు. ఖర్చు పెద్దదే. అయితే 2017లో కోల్ ఇండియా సంస్థవారి ధనముతో తలసీమియా బిడ్డల మూలుగ మార్పిడికి 10 లక్షల రూపాయలవరకు ఇచ్చు పథకము మొదలైనది. ఇట్టి సహాయములను గూర్చి ఆసుపత్రిలో అడిగి తెలిసికొనవలెను. ఆ కుటుంబము దూరపు పట్టణములో నెలల తరబడి ఉండవలసి వచ్చినప్పుడు, ఇంటివద్దనున్న పశువులను, తక్కిన పిల్లలను చూచుకొనుటయు, నెత్తురు దానము చేయుటయు సంఘస్థులు చేయదగిన పనులు. వారి కొరకు ప్రార్థించిన చేతులే ఆ పనులు చేసిన ఎంత బాగుండును!

పారిసులోని ఆ వైద్యురాలు చనిపోయిన బిడ్డల లెక్కను దాచియుండినయెడల తరువాతి బిడ్డలు బ్రదికి యుండెడివారు కారు. ఆమె తన ఓటమిని ఒప్పుకొని, బిడ్డ ఎంత భరింపగలడో దానినే కొలతగా చేసికొనెను. మన ఇండ్లలోను, బడులలోను, సంఘములలోను బలహీనులతో వ్యవహరించునప్పుడు, మన చేతిలోని బలమెంత అని కాక, ఎదుటివాడు ఓర్చుకొనగలిగినదెంత అని చూచి కొలుచుట మనమును నేర్చుకొందము గాక.